చిల్లర లేదు

ఆదివారం ఆబిడ్స్‌ల షట్టర్లన్నీ మూసుకుంటయి,
వాటి ముందట ఫుట్‌పాత్ తెరుచుకుంటది.
పాత పుస్తకాల వరుస దాటినంక
నీలం టార్పాలిన్ మీద గులాం దస్తగీర్ భాయ్,
ఒక భూతద్దం, ఒక అయస్కాంతం,
సబ్బుపెట్టెల నిండ రాజులు.

"మొదటిసారా, ఆపా?"
మొదటిసారే అన్న.
ఇరవై ఆరేండ్లు భుజానికి తోలుసంచి ఏసుకొని
ఆయన ఏడాదంత చూసినన్ని నాణేలు
ఒక్క వారంల లెక్కపెట్టినదాన్నని చెప్పలే.

ముందుగాల వెండి మీద పడ్డది కన్ను.
నాలుగు మినార్ల నిజాం రూపాయి,
కమాను నడుమ ఒంటరిగ ఒక అక్షరం.
ఆయన అరచెయ్యి అడ్డం పెట్టిండు.
"ఇది నీ రెండో ఏడాదికి.
అసలుది గుర్తువట్టెటోళ్ల కంటె
పోతపోసెటోళ్లే ఎక్కువున్నరు ఊర్ల.
నేనే రెండుసార్లు మోసపోయిన,
ఒకసారి మా బావమరిది చేతిల."

కిలో లెక్కన అమ్మే పరదేశి నాణేల సంచి చూపిన.
"వాటి మీది రాత నీకు రాదు, నాకూ రాదు.
చదవరానిది దాస్తే ఇల్లు బరువైతది, అంతే."

అప్పుడు తీసిండు
ఏడు కిటికీల అట్ట ఒకటి.
చదరం పైస.
అంచు అలలలుగ రెండు పైసలు.
ఆరు మూలల మూడు,
అది ఊదితే ఎగిరిపోయేటట్టున్నది.
మళ్ల చదరంగ అయిదు, పువ్వోలె పది,
ఇత్తడిల తామర ఇరవై,
చివరికి ఖడ్గమృగం పావలా.
"రెండు వందల యాభై. మొదలువెట్టేటోళ్లకు ఇదే."

నోటికి పాత అలవాటు, ఆగలే:
"అన్నీ కూడితే అరవై ఆరు పైసలు."
భాయ్ అద్దం దించి నా మొఖం చూసిండు.
"ఏ డిపో?"

ఇగ ధర తగ్గింది, మాట పెరిగింది.
అంచులు వట్టుకో, మొఖం ముట్టకు.
చింతపండు వెట్టి తోమకు, ఇది ఇంట్ల చెంబు కాదు,
మెరిపిస్తే వయసు పోతది, వయసు పోతే వెల పోతది.
సంవత్సరం కింద చూడు:
డైమండ్ ఉంటే బొంబాయిది, చుక్క ఉంటే నోయిడాది,
ఏమీ లేకుంటే కలకత్తాది,
నక్షత్రం ఉంటే మనది.

మనదంటే?
"మన టంకశాలది. చర్లపల్లిల లేదా?"

ఆ గోడ పక్కనుంచే పోయేది నా బస్సు.
రోజుకు ఎనిమిది ట్రిప్పులు
"టంకశాల దిగేటోళ్లు ముందుకు రావాలె" అని అరిచిన.
సంచిల ఎన్ని నక్షత్రాలు గలగలమన్నయో,
ఒక్కదాన్నీ తిప్పి చూడలే.
తిప్పి చూసే తీరిక ఎవలిచ్చిన్రు?
చూసింది ఒక్కటే, చాలతయా, చాలవా.
దిగేటప్పుడు తీస్కొమ్మని
టికెట్టు వెనక పెన్నుతోని గీసిన అర్ధరూపాయలు...
తార్నాకల ఒక పిలగాడు
ఫుట్‌బోర్డు మీద చెయ్యి చాపి నిలవడ్డడు,
వెనక లారీ హారను కొట్టింది, నేను రైట్ అన్న.

"ఇండ్ల అర్ధరూపాయి లేదా భాయ్?"
"దానికి వేరే సెట్టు, ఆపా. వచ్చే ఆదివారం."

అట్ట వెనక పేరు రాసిస్త అన్నడు.
కొమురవ్వ అని చెప్పిన.
తారీఖు కూడ ఏసిండు.

కోఠిల ఈసీఐఎల్ బస్సెక్కిన.
ఇప్పుడు ఆడోళ్లకు జీరో టికెట్టు,
ఇచ్చేది లేదు, తిరిగొచ్చేది లేదు.
ముందు సీట్ల ముసలాయన ఇరవై నోటిచ్చిండు,
టికెట్టు పదిహేను.
కండక్టరు పిల్ల సంచిల చెయ్యివెట్టి దేవులాడి
"చిల్లర లేదు తాతా" అన్నది,
అచ్చం నా గొంతుతోని.

పర్సు తెరిచిన.
రెండు అయిదు రూపాయల బిళ్లలున్నయి.
కిటికీ వెలుగుకు ఒకదాన్ని తిప్పిన,
అంచులు వట్టుకొనే.
రెండోదాన్నీ తిప్పిన.

"తక్కువున్నయా అమ్మా?" అన్నది పిల్ల.
లేదు బిడ్డా, చూస్తున్న అన్న.

ఒకదాని కింద నక్షత్రమున్నది.
రెండోది ఇచ్చిన.